నీరసమంతా థైరాయిడ్‌ది కాదు: ఐరన్, బీ12, లో బీపీ కలిసి వచ్చినప్పుడు నా అనుభవం

మొదటి రిపోర్టులో అంకెలు ఇవి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను, థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది) 18.4, ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోను) 0.7, యాంటీ టీపీవో (ఒళ్లే థైరాయిడ్ మీద దాడి చేస్తోందనే గుర్తు) పాజిటివ్. హిమోగ్లోబిన్ 9.8, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 7, బీ12 168, విటమిన్ డి 11. బీపీ 88/58. వయసు 41, బరువు 56 కిలోలు, భోజనం పూర్తిగా శాకాహారం.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మనిషికి నీరసం వస్తుంది. జుట్టు రాలడం, మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికల్లా కళ్లు మూతలు పడటం, ఏ పని మొదలుపెట్టానో మర్చిపోవడం లాంటివి ఐరన్ తగ్గినా వస్తాయి, బీ12 తగ్గినా వస్తాయి, థైరాయిడ్ తగ్గినా వస్తాయి. కానీ థైరాయిడ్ అన్న మాట ఒకసారి చెవిన పడ్డాక ఇంట్లోవాళ్లూ, బయటివాళ్లూ అన్నిటినీ దాని ఖాతాలోనే రాసేస్తారు. "థైరాయిడ్ ఉందిగా, ఆ మాత్రం నీరసం ఉండదా" అంటారు. ఆ ఒక్క మాటతో మిగతావన్నీ మరుగున పడతాయి. పద్నాలుగు నెలల్లో వాటిని ఒక్కొక్కటిగా ఎలా విడదీశామో, ఏ మాత్ర దేనికి అడ్డం వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. మోతాదులు నాకు రాసినవి. మీకు మీ డాక్టరు గారు రాసినవే లెక్క.

ముందు బీపీ సంగతి, ఎందుకంటే అందరూ చివరికి నెట్టేసేది దాన్నే. థైరాయిడ్ మందకొడిగా ఉంటే బీపీ కూడా పడిపోతుందని చాలామంది నమ్మకం. నిజానికి జరిగేది తలకిందులు. థైరాయిడ్ హార్మోను తగ్గితే నాడి నెమ్మదిస్తుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీలో కింది అంకె పెరిగే వీలు ఎక్కువ. అంటే థైరాయిడ్ తక్కువగా ఉండి బీపీ కూడా తక్కువగా ఉంటే, ఆ బీపీకి వేరే కారణం వెతకాలి. ఆ వెతుకులాట థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టక ముందే జరగాలి.

ఎందుకంటే నాకున్న హాషిమోటో అనే ఈ జబ్బులో ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని తినేస్తుంది. 1912లో దీన్ని మొదట వర్ణించిన జపాన్ వైద్యుడి పేరే దీనికి పెట్టారు. అదే రక్షణ వ్యవస్థ కొద్దిమందిలో మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల మీద కూడా పడుతుంది. అప్పుడు అవి తయారు చేసే, బీపీని నిలబెట్టే కార్టిసాల్ అనే హార్మోను తగ్గిపోయి బీపీ పడిపోతుంది. అది తెలియక థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే, ఆ మాత్ర ఒంట్లో మిగిలిన కొద్దిపాటి కార్టిసాల్‌ను కూడా త్వరగా ఖర్చు చేయిస్తుంది. మనిషి ఉన్నట్టుండి వాంతులతో, బీపీ అందకుండా ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. ఇది అరుదే. కానీ లో బీపీతో పాటు బరువు తగ్గడం (థైరాయిడ్ తగ్గితే మామూలుగా పెరగాలి), ఉప్పు మీద విపరీతమైన మనసు, అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడటం, రక్తంలో సోడియం తగ్గి పొటాషియం పెరగడం, వీటిలో ఏవైనా ఉంటే అరుదు అనుకుని వదిలేయకూడదు.

పరీక్ష తేలికే. పొద్దున ఎనిమిదింటికి రక్తం ఇచ్చి సీరమ్ కార్టిసాల్ చూడాలి. మధ్యాహ్నం ఇస్తే ఆ అంకెకు అర్థం ఉండదు, ఎందుకంటే అది పొద్దున ఎక్కువగా ఉండి రోజు గడిచేకొద్దీ తగ్గుతుంది. డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే అడ్రినల్ లోపం అని గట్టి అనుమానం, 15 దాటితే దాదాపు లేనట్టే. మధ్యలో వస్తే అడ్రినల్‌ను పనిచేయించే ఏసీటీహెచ్ హార్మోను ఇంజెక్షన్ ఇచ్చి 30 నిమిషాలకు, 60 నిమిషాలకు మళ్లీ చూస్తారు. నాకు 16.2 వచ్చింది, సోడియం 138, పొటాషియం 4.2. ఆ రిపోర్టు చూశాకే మాత్ర మొదలైంది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్లకు కార్టిసాల్ అంకె లేనిపోని ఎత్తులో కనిపిస్తుంది, ముందే చెప్పాలి. ఉబ్బసానికో కీళ్ల నొప్పులకో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగి ఒక్కసారిగా మానేసినవాళ్లూ ఈ పరీక్ష తప్పించుకోకూడదు. అందులో ఏముందో చెప్పకుండా ఇచ్చే పొట్లాల మందు వాడినవాళ్లు మరీను.

ఇంకో సంగతి. టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి ఊరుకుంటే దొరకని రకం ఒకటుంది. తలలోని పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటే టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపించి ఫ్రీ టీ4 మాత్రం తక్కువగా ఉంటుంది. కాన్పులో రక్తం బాగా పోయి, ఆ తర్వాత పాలు పడక, నెలసరి మళ్లీ మొదలవక, నీరసంతో, లో బీపీతో ఉండే ఆడవాళ్లలో ఇది కనిపిస్తుంది. దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. అందుకే మొదటిసారి పరీక్షలో టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ రాయించుకోవాలి.

ఇక థైరాక్సిన్, అంటే థైరాయిడ్ మాత్ర. పూర్తిగా అవసరమైనవాళ్లకు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు అని లెక్క. నా బరువుకు అది 90 దగ్గర వస్తుంది. కానీ హిమోగ్లోబిన్ 9.8 ఉన్న మనిషికి ఒకేసారి అంత ఇస్తే గుండె దడ పట్టుకుంటుందని 50తో మొదలుపెట్టి, ఎనిమిది వారాలకు 75 చేశారు. రక్తం తక్కువగా ఉన్నప్పుడు గుండె ముందే పరుగెడుతూ ఉంటుంది, ఈ మాత్ర ఇంకాస్త తోస్తుంది. థైరాయిడ్ మాత్ర పడటం లేదని మానేసేవాళ్లలో కొందరికి అసలు గొడవ ఐరన్‌ది. పెద్ద వయసువాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు 12.5 లేదా 25తో మొదలుపెడతారు.

ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు ఏడు రోజులు పడుతుంది. దాన్నుంచి రెండు సంగతులు తేలతాయి. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాల లోపు టీఎస్‌హెచ్ చూపించుకోవడం డబ్బు దండగ, అంకె ఇంకా కుదురుకోదు. అలాగే ఒక రోజు మర్చిపోతే కొంపలు మునగవు. గుర్తొచ్చినప్పుడు పొట్ట ఖాళీగా ఉంటే వేసుకోవచ్చు. వారంలో రెండు మూడు రోజులు మర్చిపోతే మాత్రం టీఎస్‌హెచ్ పట్టిస్తుంది.

వేసుకునే పద్ధతి అందరికీ తెలిసిందే అనుకుంటాం, తప్పులన్నీ అక్కడే. మామూలు మంచినీళ్లు గ్లాసు నిండా తాగి వేసుకోవాలి, పాలతో కాదు, కాఫీతో అసలే కాదు. తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తీసుకోకూడదు. మన ఇళ్లలో ఈ అరగంటను కాఫీకి లెక్కపెట్టరు, టిఫినుకే లెక్కపెడతారు. "ఏమీ తినలేదండీ, కాఫీ ఒక్కటే తాగాను" అనే మాట ప్రతి క్లినిక్‌లోనూ వినిపిస్తుంది. కాఫీ మాత్రను ఒంటికి పట్టనివ్వదు, అందులోని పాల కాల్షియం ఇంకొంచెం అడ్డుకుంటుంది. కాఫీ వదులుకోలేనివాళ్లు రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు, అప్పటికి భోజనం చేసి మూడు గంటలు దాటాలి. రాత్రి తొమ్మిదిన్నరకు తిని పదింటికి పడుకునే ఇళ్లలో అది కుదరదు. పొద్దునైనా రాత్రైనా, రోజూ ఒకే వేళ కావాలి.

సీసాను వంటింటి అలమరలోనో ఫ్రిజ్ మీదో పెట్టకూడదు. వేడి, చెమ్మ, వెలుతురు మూడూ ఈ మాత్రకు పడవు. ఒక కంపెనీ మాత్రకు అలవాటు పడ్డాక దానితోనే ఉండటం మేలు. థైరోనార్మ్ వాడుతూ ఎల్‌ట్రాక్సిన్‌కు మారితే, అంకె అదే ఉన్నా, ఆరు వారాల తర్వాత ఒకసారి టీఎస్‌హెచ్ చూసుకోవాలి. మందుల షాపులో 75 లేదని 100 ఇచ్చి "ముప్పావు చేసుకోండి" అంటే తీసుకోకండి. ఇంత సన్నని మోతాదు గోటితో విరిచి కొలిచేది కాదు.

రక్తపరీక్ష రోజు మాత్ర వేసుకోకుండా వెళ్లి, ఇచ్చి వచ్చాక వేసుకోవాలి. వేసుకున్న కొన్ని గంటల పాటు ఫ్రీ టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. టీఎస్‌హెచ్ కూడా తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. ఒకసారి పొద్దున ఏడింటికి, ఇంకోసారి పన్నెండింటికి ఇచ్చి రెండు అంకెలనూ పోల్చుకుంటే తప్పు దారి పడతాం.

ఐరన్ దగ్గరే అసలు చిక్కు. ముందు ఈ రెండింటికీ ఉన్న చుట్టరికం చెప్పాలి. థైరాయిడ్ తగ్గితే చాలామంది ఆడవాళ్లలో నెలసరి ఎక్కువ రోజులు, ఎక్కువ రక్తంతో వస్తుంది. దాంతో ఐరన్ పోతుంది. థైరాయిడ్ హార్మోను తయారు చేసే ఎంజైము, అదే పైన చెప్పిన టీపీవో, పనిచేయడానికి ఐరన్ కావాలి. ఐరన్ లేకపోతే థైరాయిడ్ ఇంకా కుంటుపడుతుంది. ఈ చక్రాన్ని రెండు వైపులా ఒకేసారి ఆపాలి. కానీ రెండు మాత్రలూ ఒకే పూట కడుపులో కలిస్తే ఐరన్ థైరాక్సిన్‌ను పట్టేసుకుంటుంది, రెండూ కలిసి బయటికి పోతాయి. మధ్యలో నాలుగు గంటలు ఉండాలి. "టిఫిను ముందు ఇది, టిఫిను తర్వాత అది" అని షాపువాళ్లు కవరు మీద రాసిచ్చే లెక్క ఇక్కడ పనికిరాదు.

నాకు ఫెర్రస్ ఆస్కార్బేట్, అసలు ఐరన్ 100 మిల్లీగ్రాములు ఉండేది రాశారు, అది కూడా రోజు విడిచి రోజు. మొదట వింతగా అనిపించింది, రక్తం తక్కువైతే రోజూ వేయాలి కదా అని. సంగతేమిటంటే ఒక మోతాదు ఐరన్ పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను పెంచి, పేగులో ఐరన్ తలుపును ఒక రోజంతా దగ్గరగా మూస్తుంది. మర్నాడు వేసింది ఎక్కువ భాగం వృథాగా పోయి, మలబద్ధకం, కడుపులో తిప్పడం మాత్రం మిగులుస్తుంది. థైరాయిడ్ తక్కువైనవాళ్లకు మలబద్ధకం అసలే ఉంటుంది. రోజు విడిచి రోజు వేస్తే ఒక్కో మాత్రలో ఒంటికి పట్టేది ఎక్కువ, బాధ తక్కువ. మలం నల్లగా రావడం మామూలే, భయపడక్కర్లేదు. తారులా జిగురుగా, దుర్వాసనతో వస్తే అది వేరు, వెంటనే చూపించుకోవాలి.

ఐరన్‌తో నిమ్మరసం నీళ్లు మంచివి. టీ, కాఫీ, పాలు, మజ్జిగ, కాల్షియం మాత్ర ముందో వెనకో గంట, రెండు గంటల దూరంలో ఉండాలి. మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ ఒకటి నుంచి రెండు పాయింట్లు పెరగాలి. పెరగకపోతే మాత్ర సరిగా పడటం లేదు, లేదా రక్తం ఎక్కడో పోతోంది, లేదా పేగు తీసుకోవడం లేదు. అప్పుడు మాత్రలు మార్చడం కాదు, కారణం వెతకాలి. హిమోగ్లోబిన్ 12 దాటగానే ఆపడం అందరూ చేసే పొరపాటు. అది చేతి ఖర్చు డబ్బు లాంటిది, ఫెరిటిన్ బ్యాంకులో ఉన్నది. ఇంకో మూడు నెలలు వాడితే గాని బ్యాంకులో పడదు. ఫెరిటిన్ 30 లోపు ఉంటే హిమోగ్లోబిన్ బాగున్నా ఐరన్ లోటు ఉన్నట్టే. జ్వరం, ఇన్‌ఫెక్షను ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా పెరుగుతుంది కాబట్టి తగ్గాక రెండు మూడు వారాలు ఆగి చూపించుకోవాలి.

గర్భిణులకు ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఇచ్చేటప్పుడే థైరాయిడ్ ఉందని చెప్పాలి. గర్భం నిలిచినట్టు తెలియగానే థైరాక్సిన్ మోతాదు సాధారణంగా పావు వంతు పైన పెంచాల్సి వస్తుంది, అందుకు తొమ్మిదో నెల దాకా కాదు, అదే వారం డాక్టరు గారి దగ్గరికి వెళ్లాలి.

బీ12 విషయంలో రిపోర్టు ఒక మోసం చేస్తుంది. ఐరన్ తగ్గితే ఎర్రకణాలు చిన్నవవుతాయి, బీ12 తగ్గితే పెద్దవవుతాయి. రెండూ తగ్గితే సగటు పరిమాణం, అంటే ఎంసీవీ, మామూలుగా కనిపిస్తుంది. నాది 86, అంటే చక్కగా ఉన్నట్టు. పక్కనే ఉన్న ఆర్‌డీడబ్ల్యూ 19.5 ఉంది. కణాలు చిన్నా పెద్దా కలగలిసి ఉన్నాయని చెప్పే అంకె అది. సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో ఆ ఒక్క వరుస చూస్తే బీ12 పరీక్ష రాయాలని తెలిసిపోతుంది, కానీ హిమోగ్లోబిన్ చూసి కాగితం మడిచేస్తారు.

బీ12 200 లోపు ఉంటే లోటు, 200 నుంచి 300 వరకు అనుమానం. నాకు మొదట రోజు విడిచి రోజు ఆరు ఇంజెక్షన్లు, తర్వాత మిథైల్‌కోబాలమిన్ 1500 మైక్రోగ్రాముల మాత్ర రోజుకొకటి. పాదాల్లో తిమ్మిరి తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది, నరాలు నెమ్మదిగానే కోలుకుంటాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. బీ12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం అంకె బాగుపడుతుంది గానీ నరాల నష్టం లోపల సాగుతూనే ఉంటుంది. బీ12 వాడుతూ బీ12 పరీక్ష చేయించి "900 ఉందండీ" అని సంతోషించడంలో కూడా అర్థం లేదు, మింగిందే కనిపిస్తోంది. మాకు ఈ లోటు శాకాహారం వల్ల వచ్చిందే. మొక్కల్లో బీ12 లేదు. గ్లాసు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము ఉంటుంది, రోజుకు కావాల్సింది రెండు పైచిలుకు. గుడ్డు, చేప, మాంసం తినేవాళ్లకు కూడా లోటు వస్తే కడుపును అనుమానించాలి. హాషిమోటో ఉన్నవాళ్లలో కొందరికి జీర్ణాశయం పొర కూడా ఇలాగే దెబ్బతిని ఆమ్లం తగ్గిపోతుంది. ఐరన్‌కూ, బీ12కూ, థైరాక్సిన్ మాత్రకూ కూడా ఆ ఆమ్లం కావాలి. మూడూ ఒకేసారి పట్టకపోతే మూడు జబ్బులు కాదు, ఒక్క కడుపే కావచ్చు. బీ12ను ఒంటికి పట్టనివ్వని ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీ, గోధుమ పడని సీలియాక్ జబ్బుకు టీటీజీ పరీక్ష రెండూ చేశారు. నాకు రెండూ నెగెటివే.

విటమిన్ డి గురించి చెప్పేది తక్కువ. 60,000 యూనిట్ల సాషే వారానికొకటి, ఎనిమిది వారాలు, ఆదివారం మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాక. తర్వాత నెలకొకటి. ఎనిమిది వారాలు అన్న మాట చీటీలో రాసి ఉన్నా, వారం వారం ఏడాది పాటు వేసుకుపోయేవాళ్లున్నారు. అలా చేస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మతిమరుపు, కిడ్నీలో రాళ్ల దాకా పోతుంది. నీరసానికి టానిక్కులా వాడే వస్తువు కాదు అది.

ఇవన్నీ కలిపి నా రోజు ఇలా కుదిరింది. ఆరింటికి థైరాక్సిన్, ఏడింటికి కాఫీ, ఏడున్నరకు టిఫిను, వెంటనే బీ12. పదకొండింటికి, రోజు విడిచి రోజు, ఐరన్ నిమ్మరసం నీళ్లతో. ఒంటిగంటకు భోజనం. రాత్రి ఎనిమిదిన్నర భోజనంతో కాల్షియం 500. ఉద్యోగంలో పదకొండింటికి కుదరనివాళ్లు ఐరన్‌ను రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకుని కాల్షియంను మధ్యాహ్నానికి జరపవచ్చు. కార్తీక సోమవారాల ఉపవాసంలో ఐరన్ మానేశాను, థైరాక్సిన్ మానలేదు.

రెండుసార్లు లెక్క తప్పింది. నాలుగో నెలలో టీఎస్‌హెచ్ 5.1 నుంచి మళ్లీ 9.6కు ఎగబాకింది. 75 నుంచి 100 చేయాల్సిన అంకె అది. కానీ ఐరన్‌కు కడుపులో మంట వస్తోందని పొద్దున పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర ఆరు వారాల ముందు మొదలైంది. ఆ గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని తగ్గించి థైరాక్సిన్‌ను, ఐరన్‌ను, బీ12ను మూడింటినీ దెబ్బకొడుతుంది. మోతాదు పెంచకుండా గ్యాస్ మాత్ర ఆపి, ఐరన్‌ను కాస్త తిన్నాక వేసుకునేలా మార్చి ఎనిమిది వారాలు చూశాం, 3.2కు దిగింది. అప్పుడు 100 చేసి ఉంటే, తర్వాత గ్యాస్ మాత్ర మానగానే మోతాదు మించిపోయి దడ, నిద్రలేమి, ఎముకల నష్టం. గ్యాస్ మాత్ర తప్పనిసరైనవాళ్లు మానక్కర్లేదు, దాన్ని మొదలుపెట్టినా ఆపినా టీఎస్‌హెచ్ మళ్లీ చూసుకోవాలి.

రెండోది జుట్టు మాత్ర. అందులో బయోటిన్ 10 మిల్లీగ్రాములు, రోజుకు అవసరమయ్యేదానికి మూడు వందల రెట్లు. చాలా ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్ష చేసే యంత్రం బయోటిన్ ఆధారంగానే పనిచేస్తుంది. రక్తంలో అది ఎక్కువైతే టీఎస్‌హెచ్ అబద్ధంగా తక్కువ, ఫ్రీ టీ4 అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది. నాకు టీఎస్‌హెచ్ 0.08 వచ్చింది. దడ లేదు, చేతులు వణకడం లేదు, నాడి 66. అంకె ఒకటి చెప్తూ ఒళ్లు ఇంకోటి చెప్తుంటే ఒంటినే నమ్మాలి. మూడు రోజులు ఆ మాత్ర ఆపి మళ్లీ ఇస్తే 2.6.

ఇక బీపీ. ఇంట్లో యంత్రంతో చూసేవాళ్లు ముందు పట్టీ కొలత చూడండి. మామూలుగా వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి. సన్నని చేతికి అది పెద్దదై బీపీని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. నా చేయి 21. చిన్న పట్టీతో చూస్తే 88 కాస్తా 94 అయింది, అంటే ఆ లో బీపీలో కొంత పట్టీదే. తర్వాత పడుకుని ఐదు నిమిషాలు ఆగి ఒకసారి, లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే నిలబడినప్పుడు పడే బీపీ ఉన్నట్టు. నాకు 104/66 నుంచి 82/58కి పడింది. నాడి 70 నుంచి 98కి పెరిగింది. ఆ నాడి అంకె కూడా రాసుకోవాలి. బీపీ పడినప్పుడు నాడి బాగా పెరిగితే ఒంట్లో నీరు, రక్తం తక్కువైనట్టు. బీపీ పడినా నాడి కదలకపోతే నరాల లోపం, అక్కడ షుగరునూ బీ12నూ అనుమానించాలి.

నాది మొదటి రకం. అందుకు చేసినవి చిన్నవే. పొద్దున లేవక ముందే మంచం పక్కన పెట్టుకున్న అర లీటరు నీళ్లు తాగడం (థైరాక్సిన్ కూడా ఆ నీళ్లతోనే), పాదాలు పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించడం, ఒక నిమిషం కూర్చుని అప్పుడు లేవడం. రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్ల నీళ్లు. పదకొండున్నరకు ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, ఐరన్ వేసుకునే రోజు అది మధ్యాహ్నం మూడింటికి. చెంచాడు ఉప్పు అంటే ఐదారు గ్రాములు, మామూలు మనిషికి రోజంతటికీ సరిపోయేది అంతే. నాకు ఇంకో మూడు గ్రాములు అదనంగా అన్నారు. కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఇది సొంతంగా చేయకూడదు. విజయవాడ మే నెలలో ఇదీ చాలదు, అప్పుడు ఓఆర్‌ఎస్, లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో సగం పొట్లం వేసి కలిపితే అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు.

ఒకేసారి పెద్ద కంచం నిండా అన్నం తింటే రక్తమంతా పొట్ట వైపు వెళ్లి గంటలో తల తిరుగుతుంది, అందుకే అదే అన్నాన్ని రెండు భాగాలు చేసుకున్నాను. క్యూలో నిలబడాల్సి వస్తే కాళ్లు కత్తెరలా మెలిపెట్టి తొడలు బిగించడం పనిచేస్తుంది, చూసేవాళ్లకు ఏమనిపిస్తుందో గానీ. వేడినీళ్ల స్నానం చేస్తూ కళ్లు తిరిగితే వెంటనే కూర్చోవాలి, తలుపు గడియ తీసి ఉంచుకోవాలి. స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, తారులాంటి నల్లటి మలం, ఆగని వాంతులతో బీపీ పడితే మజ్జిగలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

తిండి గురించి తలా ఒక సలహా ఇస్తారు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉడికించి తింటే భయం లేదు, అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో అసలే లేదు. సజ్జలు రోజూ మూడు పూటలా తింటే థైరాయిడ్‌కు మంచిది కాదు, వారంలో రెండుసార్లైతే పర్వాలేదు. మీల్‌మేకర్, సోయా పాలు మాత్ర వేసుకున్న పూట వద్దు. రాగి జావ మంచిదే, కానీ వంద గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కాబట్టి ఆరింటి మాత్ర మీద ఆరున్నరకు జావ పోయకూడదు. గులాబీ రంగు ఉప్పు ఆరోగ్యమని మారిపోయినవాళ్లు ప్యాకెట్ మీద అయోడిన్ ఉందో లేదో చూసుకోవాలి. అలాగని సముద్రపు నాచు మాత్రలు వేసుకుంటే హాషిమోటో ముదిరే ప్రమాదం ఉంది. ఐరన్‌కు బెల్లం తినమంటారు. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, చెంచాడు బెల్లంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. తోటకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండుకోవడం, తిన్న వెంటనే టీ మానడం అంతకంటే ఎక్కువ పనిచేస్తాయి.

పద్నాలుగో నెల రిపోర్టు: టీఎస్‌హెచ్ 2.4, ఫ్రీ టీ4 1.3, హిమోగ్లోబిన్ 12.6, ఫెరిటిన్ 48, డి 34, ఎంసీవీ 89, ఆర్‌డీడబ్ల్యూ 13.8. పడుకుంటే 106/68, మూడు నిమిషాలు నిలబడ్డాక 98/66. యాంటీ టీపీవో మళ్లీ చూడలేదు, చూసినా మందు మారదు. ఏది దేంతో తగ్గిందో తేదీలు చెప్తున్నాయి: ఆయాసం హిమోగ్లోబిన్ 11 దాటిన నెలలో పోయింది, మతిమరుపు టీఎస్‌హెచ్ 4 కిందికి వచ్చాక, జుట్టు రాలడం ఫెరిటిన్ 40 చేరాక, తల తిరగడం నీళ్లూ ఉప్పూ మొదలుపెట్టిన పది రోజులకే. ఐరన్ ఆపాను, బీ12 శాకాహారం ఉన్నన్నాళ్లూ ఉంటుంది, థైరాక్సిన్ 75 జీవితాంతం. ఫెరిటిన్ మూడు నెలలకు మళ్లీ, టీఎస్‌హెచ్ ఆరు నెలలకు, పొద్దున ఏడింటికి, మాత్ర వేసుకోకుండా.